ఒంటిగంటకు చావాల్సిన ఏజెంట్

ఎండిపోయిన కాలువలో మునిగి చచ్చిపోయాడు సతీశ్.

వినడానికి పిచ్చిమాటలా ఉంటుంది గానీ పోస్ట్‌మార్టమ్ రిపోర్టు చెబుతున్నది అదే. ఊపిరితిత్తుల నిండా నీళ్ళు. శవం దొరికింది మాత్రం గోరేబాళ దగ్గర పంటకాలువలో. 1986 జులై మొదటి వారం. పైన డ్యామ్ నుంచి ఇంకా నీళ్ళు వదల్లేదు. ఆ కాలువలో కుక్క నాలుక తడుపుకోవడానికి కూడా చుక్క లేదు.

"ఎక్కడో తొట్టిలో ముంచి చంపి, తెచ్చి కాలువలో పడేశారు," అన్నాడు చీఫ్ సూర్యప్రకాశ్. "చంపినవాళ్ళు పైదేశం వాళ్ళు. కాలువలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని వాళ్ళు. ఈ జిల్లాలో పసిపిల్లను లేపి అడిగినా చెబుతుంది."

చీఫ్ గారి ఆఫీసు శక్తినగర్ థర్మల్ కాలనీలో ఒక రెండు గదుల క్వార్టర్. గుమ్మానికి 'ఇచ్చట కుట్టుపని నేర్పబడును' అని బోర్డు. ఎవరూ రారులే అనుకుని పెట్టిన బోర్డు అది. తీరా ఆడవాళ్ళు నిజంగానే రావడం మొదలుపెడితే, పొమ్మనలేక చీఫ్ గారి భార్య నిజంగానే నేర్పుతోంది. పక్క గదిలో మిషన్ల టకటక మధ్య దేశ రహస్యాలు వినడం ఈరేష్‌కు అలవాటైపోయింది.

ఈరేష్‌కు ముప్పై నాలుగేళ్ళు. ఫైల్లో పేరు ఏజెంట్ ఆర్-సెవెన్. పుట్టింది ఈ జిల్లాలోనే, తెలంగాణ సరిహద్దు పక్క పల్లెలో. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, బజారులో ఉర్దూ నేర్చాడు. మూడింట్లోనూ కళ్ళార్పకుండా అబద్ధం ఆడగలడు. ఆ అర్హత చూసే డిపార్ట్‌మెంట్ తీసుకుంది.

చీఫ్ రెండు ఫొటోలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో తెల్లజుట్టు పెద్దమనిషి రైతుల మధ్య నిలబడి చిరునవ్వు నవ్వుతున్నాడు. రెండోది పాతది, అంచులు పసుపెక్కాయి. గోధుమ చేలో నల్ల యూనిఫారమ్ వేసుకున్న యువకుడు.

"చెవులు చూడు. మనిషి ముసలివాడవుతాడు గానీ చెవులు మారవు."

రెండు ఫొటోల్లోనూ అవే చెవులు.

"ఇక్కడి పేరు డాక్టర్ రోసెల్. అసలు పేరు లూడ్విగ్ క్రాంట్జ్. బార్లీ మీద డాక్టరేట్. పాతికేళ్ళకే పెద్ద పేరు. తరువాత హిట్లర్ పార్టీ, ఆ నల్ల బట్టలు. 1943లో లారీలు వేసుకుని ఉక్రెయిన్ వెళ్ళి, అక్కడి శాస్త్రవేత్తలు ముప్పై ఏళ్ళు కూడబెట్టిన విత్తనాలన్నీ ఎత్తుకొచ్చాడు. అంతటితో ఆగితే దొంగ అనుకుని ఊరుకునేవాళ్ళం."

"ఆగలేదా సార్?"

"ఒక పట్టిక తయారు చేశాడు. ఏ ఊళ్ళో మనిషికి రోజుకు ఎన్ని గ్రాముల తిండి వదలాలి, మిగతా ధాన్యం ఎంత జర్మనీకి పంపాలి అని. పట్టికలో చివరి గడిలో ఒక తేదీ ఉంటుంది. ఆ ఊళ్ళో ఆఖరి మనిషి పోయే తేదీ. చాలా ఊళ్ళలో ఆ తేదీ నిజమైంది. యుద్ధం అయ్యాక దక్షిణ అమెరికాకు ఓడెక్కాడు. పేరు మార్చాడు. ప్రొఫెసర్ అయ్యాడు, మెడల్స్ తీసుకున్నాడు, ప్రభుత్వాలకు సలహాలిచ్చాడు."

ఈరేష్ ఒళ్ళు మండింది. అన్నం పండించే చదువు చదివి ఆ పని చేసినవాడికి మెడలో మెడల్సా!

"ఇప్పుడు ఒక విదేశీ సిండికేట్‌కు పనిచేస్తున్నాడు," చీఫ్ గొంతు తగ్గించాడు. "వరికి అగ్గితెగులు తెచ్చే బూజును ల్యాబ్‌లో రాక్షసిలా పెంచాడు. దాన్ని పౌడర్ చేసి, కాగితం పొట్లాల్లో కట్టి, 'నారు టానిక్' అని పేరు పెట్టాడు. ఎల్లుండి మధ్యాహ్నం మూడు గంటలకు గోరేబాళ నుంచి బాళగనూరు దాకా రైతులందరికీ ఉచితంగా పంచుతాడు. చల్లిన పది రోజులకు నారుమళ్ళు మాడిపోతాయి. గాలికి మిగతాది అంటుకుంటుంది. ఆ బూజుకు మందు ఆ సిండికేట్ దగ్గరే ఉంది. ముందు ఇక్కడ ట్రయల్, తరువాత దేశమంతా. మనం వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చోవాలి."

 బాళగనూరులో ఈరేష్ అక్క బసమ్మ రెండెకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తోంది. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం ఆ రెండెకరాలే. ఉచితం అంటే క్యూలో ముందు నిలబడేది అక్కే.

"పట్టుకుందాం సార్, ఇప్పుడే."

"దేంతో పట్టుకుంటావు? గోడౌన్‌లో శాంపిల్ తీయించాం. ఉత్త సుద్దపొడి. అసలు సరుకు ఎక్కడో దాచాడు. డాక్టర్ ఫారంలోకి మనం పంపిన సతీశ్ ఆఖరి మెసేజ్‌లో ఒక్క ముక్కే ఉంది. 'ఆకు మీద పడేదాకా పొడిగా ఉండాలి. ముందే నీళ్ళు తగిలితే బూజు చస్తుంది.' ఎక్కడుందో రాసేలోపే చంపేశారు. లోపల మన మనిషి ఇంకొకరున్నారు. చంద్రిక. డాక్టరుకు దుబాసీ. ఆమెను కలువు."

*

పంపిణీ రోజు ఉదయం ఏడు గంటలకు మోటారు మెకానిక్ వేషంలో ఈరేష్ గోరేబాళ పక్కనున్న రోసెల్ ఫారంలో అడుగుపెట్టాడు. చేతిలో స్పానర్ల సంచి. జేబులో కెమెరా దాచిన టెస్టర్. ఎడమ చెప్పు మడమలో ట్రాన్స్‌మిటర్, నొక్కితే సింధనూరులో కాచుకున్న చీఫ్‌కు సిగ్నల్ అందుతుంది.

చంద్రిక వరండాలో ఎదురైంది. భుజాల దాకా కత్తిరించిన జుట్టు, నల్ల కళ్ళజోడు, లేత పసుపు షిఫాన్ చీర. ఆమె కాలువగట్టు మీద నడిస్తే నీరుగంటి తూము మూయడం మరిచిపోతాడని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. పుట్టి పెరిగింది పక్కనే, గుంటూరు నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపులో.

"మేడమ్, మీ క్యాంపుల మిరపనారు ఎట్లున్నది?" ఈరేష్ కోడ్ చెప్పాడు.

"మా క్యాంపులో మిరప వెయ్యరండీ. పొగాకే." జవాబు సరిపోయింది. "రండి, మోటారు వెనకుంది."

వెనక మోటారు లేదు. ఎత్తు నేల మీద ఒక పాతర నోరు తెరుచుకుని ఉంది. పాతర అంటే జొన్నలు దాచే నేలకొట్టు. పైన కూజా మెడలా ఇరుకు, లోపల పన్నెండడుగుల లోతున గది. పక్కన బండరాయి. లోపలికి తొంగిచూస్తే అడుగున జొన్నల రాశి, దాని మీద గోనెసంచుల వరుసలు. ఒక సంచి మూతి విడిపోయి, నారు టానిక్ పొట్లాలు కనిపించాయి.

ఇంత సులువా అనుకున్నాడు ఈరేష్. సులువైన పని దొరికినప్పుడు అనుమానించమని ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ రోజు అతను క్లాసుకు వెళ్ళినట్టు లేదు.

"చేతులు ఎత్తండి, ఈరేష్ గారూ."

చంద్రిక చేతిలో బుల్లి పిస్తోలు. వెనక డాక్టర్ రోసెల్, ఆయన వెనక గున్న ఏనుగులాంటి బాడీగార్డ్. బాడీగార్డ్ ఈరేష్ చేతులు వెనక్కి విరిచి కట్టాడు.

"సతీశ్ పేరు చెప్పింది కూడా నువ్వేనా?" అన్నాడు ఈరేష్.

ఆమె పిస్తోలు దించకుండా, డాక్టరుకు దారి ఇచ్చి పక్కకు జరిగింది.

డాక్టర్ ఇంగ్లీషులో, పాఠం చెబుతున్నట్టు మాట్లాడాడు. "మీ పల్లెవాళ్ళ ఈ నిర్మాణం అద్భుతం. వేడి లేదు, తేమ లేదు. ఎలుక రాదు. అడుగున జొన్నలు ఉన్నాయి చూడు, పక్క ముసలమ్మవి. జొన్నలు కూడా గాలి పీలుస్తాయి. నువ్వూ పీలుస్తావు. లోపలి ఖాళీ కొలిచాను. నీ బరువు సుమారు అరవై ఐదు కిలోలు." వాచీ చూసుకున్నాడు. "ఇప్పుడు ఏడున్నర. నువ్వు ఒంటిగంటకు చస్తావు. రెండింటికి మూత తీసి సంచులు తీయిస్తాను. మూడింటికి పంపిణీ."

ఆ గొంతులో కోపం లేదు, కసి లేదు. రైలు టైములు చెప్పే మనిషి గొంతు. అదే ఈరేష్‌ను ఎక్కువ భయపెట్టింది.

నోట్లో గుడ్డ కుక్కి లోపలికి తోశారు. సంచుల మీద పడ్డాడు. మడమ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. పన్నెండడుగుల రేగడి మట్టిలోంచి ఆ సిగ్నల్ పైకి పోదని డిపార్ట్‌మెంట్ ఎవరికీ చెప్పలేదు. పైన బండ దొర్లింది. అంచున వేలెడు సందు మిగిలింది. దాన్ని మెత్తడానికి ఒక ముసలమ్మను పిలిచారు. ఈరేష్ గింజుకున్నాడు గానీ గుడ్డలోంచి మూలుగు కూడా రాలేదు.

"గీ నల్లమన్నుతోని మెత్తుమంటరా అమ్మా?" ముసలమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "రేగడి ఎండకు నెర్రెలిస్తది. పాతర మూతికి ఎర్రమన్ను, బూడిద కలిపి మెత్తాలె. మా అత్త కాలం నుంచి గంతే. లోపట నా జొన్నలున్నయి, జర జూడున్రి."

"ఏమంటోంది?" డాక్టర్ అడిగాడు.

"నల్లమట్టే మంచిదంటోంది డాక్టర్. పేడ కలిపితే అస్సలు పగలదట," అంది చంద్రిక, తడుముకోకుండా.

"కరెక్ట్. ఉక్రెయిన్‌లో ఇలాంటి నేలే చూశాను. భూమ్మీద అంత మంచి మట్టి లేదు."

"కరియమ్మా, దొరగారు దీంతోనే మెత్తమంటున్నారు. కానియ్."

"నాకేం బోయింది, మీ ఇష్టం," కరియమ్మ సణుగుతూ మెత్తింది. చివరి వెలుగు కూడా పోయింది.

చీకట్లో ఈరేష్ బుర్ర తిరిగిపోయింది. క్యాంపులో పెరిగిన పిల్లకు రేగడి పగులుతుందని తెలియదా? మరి ఎందుకు అబద్ధమాడింది? చంపించాలనుకుంటే ఆ అబద్ధం అక్కర్లేదే. ఏమో, ఆశ పెట్టుకోవాలో వద్దో కూడా తెలియని పరిస్థితి.

గోడలో పొడుచుకొచ్చిన రాయికి కట్లు రాసి రాసి తెంపుకునేసరికి రేడియం వాచీలో తొమ్మిదయింది. నోట్లో గుడ్డ లాగేసి అరిచాడు. ఆ అరుపు అతనికే వినిపించింది. ముక్కిన జొన్నల వాసన, ఉడుకు, చెమట. ఊపిరి బరువెక్కుతోంది. చెడ్డగాలి అడుగున ఉంటుందని, పాతరలో దిగేముందు దీపం దించి చూడాలని తాత చెప్పేవాడు. సంచులు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైకెక్కి, మెడలో తల దూర్చి బండకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. నలభై సంచులు, మంచి మెట్లు.

పదిన్నరకు తల పగిలిపోతోంది. పదకొండుకు అక్క ముఖం గుర్తుకు రావడం మొదలైంది, అది చెడ్డ సూచన అనుకున్నాడు. పదకొండున్నరకు కంటి ముందు వెంట్రుకంత వెలుగు గీత మెరిసింది.

మట్టి నెర్రె విచ్చింది! జులై ఎండ తన పని తాను చేసింది. ఈరేష్ ఆ గీతకు పెదవులు ఆనించి, తల్లిపాలు తాగే బిడ్డలా గాలి తాగాడు. చల్లటి గాలి కాదు, దుమ్ము గాలి. అయినా ఆ రుచి జన్మలో మరిచిపోలేడు. ఇంక రెండింటి దాకా బతికి ఉండటం ఖాయం. డాక్టర్ లెక్క తప్పింది. సంతోషంతో చీకట్లో ఒక్కడే నవ్వుకున్నాడు.

ఆ నవ్వు అరగంట నిలిచింది. పన్నెండు గంటలకు కింద ఎక్కడో జలజలమని చప్పుడైంది.

ఈరేష్‌కు వెంటనే అర్థమైంది. ఈ రోజే కాలువకు నీళ్ళు వదిలారు. రైతులకు చూపించడానికి డాక్టర్ తన డెమో మడికి నీళ్ళు పెట్టించాడు. ఎండాకాలమంతా ఎండిన రేగడిలో కాలు దూరేంత నెర్రెలుంటాయి. మొదటి తడి పైన నిలవదు, నెర్రెల్లోంచి పాతాళానికి పోతుంది. పాతర పక్కన మొదటి తడి ఎవరూ పెట్టరు. డాక్టరుకు అది ఏ పుస్తకంలోనూ దొరికి ఉండదు.

గబగబా కిందికి దిగాడు. గోడ సందులోంచి పిడికిలి లావు ధార. చొక్కా విప్పి కుక్కాడు. ధార ఆగింది. హమ్మయ్య అనుకుని, మళ్ళీ ఎక్కబోతూ నిలబడిపోయాడు.

నీళ్ళు తగిలితే బూజు చస్తుంది. సతీశ్ ప్రాణం పెట్టి పంపిన ముక్క అది.

ఇప్పుడు ఈ సంచులు మెట్లుగా ఉన్నంతసేపూ తను బతుకుతాడు. పొట్లాలూ పొడిగా ఉంటాయి. రెండింటికి వాళ్ళు మూత తీసి, తన తలలో ఒక గుండు పేల్చి, మూడింటికి అక్క చేతిలో పొట్లం పెడతారు. సంచులు నీళ్ళలో లాగితే పొట్లాలు చస్తాయి. మెట్లు పోతాయి. తర్వాత ఈ ఇరుకు చీకట్లో, నీళ్ళలో, అందని గాలి కింద తను.

అతనికి ఏడుపొచ్చింది. గూఢచారులు ఏడవరని ఎవరు చెప్పారో గానీ వాళ్ళు పాతరలో కూర్చుని ఉండరు. వెక్కి వెక్కి ఏడ్చాడు, చీదేశాడు, ఒక బూతు తిట్టాడు. తరువాత చొక్కా పీకేసి, పొడుచుకొచ్చిన రాయిని ఊపి ఊపి ఊడదీశాడు. నీళ్ళు దబదబా దూకాయి.

ఒక్కో సంచీ లాగి, మూతి చించి, పొట్లాలు నీళ్ళలో గుమ్మరించి, వడ్లు తొక్కినట్టు తొక్కాడు. పది. ఇరవై. నడుము దాకా నీళ్ళు. చెడ్డగాలికి కళ్ళు తిరుగుతున్నాయి. ముప్పై. రెండుసార్లు పడి లేచాడు. ముప్పై తొమ్మిదో సంచి తొక్కేసరికి ఒంటిగంట. డాక్టర్ చెప్పిన టైము. నలభయ్యోది చించడానికి చేతులు ఆడక, పళ్ళతో దారం కొరికాడు.

ఇంక మెట్లు లేవు. నీళ్ళు గొంతు దాటాక వాటితోపాటే తేలుతూ పైకొచ్చి పాతర ఇరుకు మెడను అందుకున్నాడు. ఒక గోడకు వీపు, ఎదుటి గోడకు పాదాలు అదిమి పెట్టి ఇరుక్కుని, వెలుగు గీతకు నోరు ఆనించాడు. పాతర మూతి మడికన్నా ఎత్తున ఉంది గనక నీళ్ళు మెడ కిందే ఆగాయి. తొడలు వణుకుతున్నాయి. ఒక గంట ఇలా ఉండాలి. ఒక్క నిమిషం కూడా ఉండలేననిపించింది. అక్కను తలుచుకుని ఒక నిమిషం, సతీశ్‌ను తలుచుకుని ఒక నిమిషం, చంద్రికను తిట్టుకుంటూ చాలా నిమిషాలు గడిపాడు.

సరిగ్గా రెండింటికి గునపం చప్పుడైంది. బండ కదిలింది. ఎండ కళ్ళలో పొడిచింది.

డాక్టర్ వంగి చూశాడు. శవం ఉండాల్సిన చోట రెండు కళ్ళు తనను చూస్తున్నాయి. కింద నల్లటి నీళ్ళలో తేలుతున్న కాగితాలు. ఆయన ముఖంలో మొదటిసారి ఒక భావం కనిపించింది.

"నా పౌడర్!"

ఈరేష్ మోచేతులు గట్టున వేసి పైకి దొర్లాడు. బాడీగార్డ్ రివాల్వర్ ఎత్తాడు. ఢాం! పేలింది మాత్రం చంద్రిక పిస్తోలు. బాడీగార్డ్ మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు.

"కదలొద్దు డాక్టర్. ఇన్నాళ్ళూ సరుకు ఎక్కడుందో చెప్పమంటే మీరు నన్ను నమ్మలేదు. మనిషిని పట్టిస్తే గానీ నమ్మలేదు," అంది ఆమె.

డాక్టర్ కోటు జేబులోంచి సీసా తీశాడు. అరచేతిలో పట్టేంత సీసా, నిండా బూడిదరంగు పౌడర్. "మదర్ కల్చర్. ఇదొక్కటి చాలు." కాస్త దూరంలో, బావి నీళ్ళతో పెంచిన కరియమ్మ నారుమడి పచ్చగా గాలికి ఊగుతోంది. డెబ్బై అయిదేళ్ళ మనిషి ఆ వైపు పరుగెత్తాడు. చంద్రిక గురిపెట్టి ఆగిపోయింది. గుండు సీసాకు తగిలితే గాలే దాన్ని నారు మీద చల్లుతుంది. ఈరేష్ లేవబోయి పడ్డాడు. కాళ్ళు అతనివి కావు. డాక్టర్ మూత తిప్పాడు. చెయ్యి పైకి లేచింది.

ఫట్‌మని తట్టెడు తడి రేగడి వచ్చి ఆయన ముఖానికి, చేతికి, సీసాకు కలిపి అంటుకుంది. వెనకే ఒక బకెట్టు నీళ్ళు.

మూత మళ్ళీ మెత్తడానికి మన్ను కలుపుకుని వస్తూ కరియమ్మ పాతరలోకి ఒక్క చూపు చూసి డాక్టర్ వెంటపడింది. అంతే. ఆమెకు గూఢచారులంటే తెలియదు, బూజంటే తెలియదు.

"నా జొన్నలు ముంచినవు గదరా ముసలోడా! పాతర పక్కన ఎవడన్న నీళ్ళు వెడ్తడారా? ఏడాది తిండి రా అది!" అంటూ ఖాళీ బకెట్టుతో ఇంకో రెండు వడ్డించింది. డాక్టర్ బురదలో కూర్చుండిపోయాడు. సీసా నిండా నల్లటి ముద్ద.

ఈరేష్ తడిసిన చెప్పు మడమ నొక్కాడు. ఈసారి పనిచేసింది. పావుగంటకు రెండు జీపులతో చీఫ్ దిగాడు. డెమో మడికి నీళ్ళు ఆపించి, పొట్లాల కోసం వచ్చిన రైతులను వెనక్కి పంపారు. ఆ గుంపులో చేతిసంచీతో బసమ్మ ఉంది. "సర్కారోళ్ళు ఉత్తగ ఇస్తమని ఉత్తగనే పంపిస్తున్నరు," అని తిట్టుకుంటూ పోయింది. ఆమె తిట్లు వింటూంటే ఈరేష్‌కు ప్రాణం లేచి వచ్చింది.

కరియమ్మ కప్పిన కంబళిలో వణుకుతూ చంద్రిక వైపు తిరిగాడు.

"ఒక్క సైగ చేసుంటే ఏం పోయేది మేడమ్? చచ్చేంత భయపడ్డా."

"అందుకే చెయ్యలేదండీ. డాక్టరు మనిషి ముఖం చదువుతాడు. మీరు నిజంగా భయపడాలి. గాలి కోసం నల్లమట్టి మెత్తించాను, అంతకుమించి డాక్టరు నన్ను పక్కనుంచి కదలనివ్వలేదు. సతీశ్ మాత్రం..." ఆమె కళ్ళజోడు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అతన్ని పట్టించింది నేను కాదు. కాపాడలేకపోయాను. అంతే."



చేతులకు బేడీలతో డాక్టర్ క్రాంట్జ్ జీపు ఎక్కుతూ ఆగాడు. చెవుల్లోంచి బురద కారుతోంది. బెదురు లేదు, పశ్చాత్తాపం అసలే లేదు. పరీక్షలో ఒక మార్కు తగ్గిన విద్యార్థిలా అడిగాడు.

"నువ్వు ఒంటిగంటకు చనిపోయి ఉండాలి. నా లెక్కలో ఎక్కడ తప్పు జరిగింది?"

ఈరేష్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ జేబులోంచి ఒక టెలిగ్రామ్ తీసి ఇచ్చాడు. పొద్దున్నే వచ్చిందట. ఈరేష్ చదివి, కంబళి సర్దుకుని, ఇంగ్లీషులోనే నెమ్మదిగా చెప్పాడు.

"మీరు చివరి గడిలో తేదీ వేసిన ఊళ్ళ నుంచి పదకొండుమంది బతికి బయటపడ్డారు డాక్టర్. సాక్ష్యం చెప్పడానికి వస్తున్నారు. ఈ ప్రశ్న వాళ్ళను అడగండి. ఈలోగా లెక్క మళ్ళీ వేసుకోండి, కాగితం పెన్సిలు సర్కారే ఇస్తుంది."